కారం మిల్లు కారు, వణికే స్టీరింగు

2023లో మిర్చి కోతలు ముగుస్తున్న రోజులవి. అద్దంకిలో హైవే వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది నా షెడ్డు. చాలా ఏళ్ళుగా కార్ల బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగు పనులు మాత్రమే చేస్తున్నాను. ఇంజను జోలికి పోను. ఇంజను వాడు తప్పు చేస్తే బండి ఆగిపోతుంది, నేను తప్పు చేస్తే బండి ఆగదు. ఆ భయం ఉన్నవాడే ఈ పనికి పనికొస్తాడని నా నమ్మకం. దానివల్ల నాకు చాదస్తం అనే పేరు కూడా వచ్చింది. వస్తే వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఒక తెల్ల చిన్న కారు షెడ్డు ముందు ఆగింది. నేను తలుపు తీశానో లేదో, వరసపెట్టి తుమ్ములు. వెనక సీట్లు మడిచేసి కారం బస్తాలు పేర్చి ఉన్నాయి. డాష్‌బోర్డు మీద, సీట్ల మీద, ఆఖరికి తలుపు పిడి మీద కూడా పల్చగా ఎర్రపొడి. నడుపుకుంటూ వచ్చినావిడ దిగి, నా తుమ్ములు అయిపోయేదాకా ఓపిగ్గా నిలబడింది. పేరు శివకుమారి, ముప్పై అయిదేళ్ళుంటాయి. హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చే పల్లెలో వాళ్ళకు కారం మిల్లు ఉంది. గుంటూరు, చీరాల హోటళ్ళకీ హాస్టళ్ళకీ కారం తనే తీసుకెళ్ళి వేస్తుంది.

"బ్రేకేస్తే స్టీరింగు వణుకుద్దన్నా," అంది. "మొదట్లో కాస్త జలదరించినట్టు ఉండేది. ఇప్పుడు ఎనభైలో వస్తా బ్రేకేశానంటే చేతుల్లోంచి ఊడొచ్చేట్టుంది."

"బ్రేకు వెయ్యకుండా పోయేటప్పుడు?"

"అప్పుడేం లేదు. సాఫీగా పోద్ది."

"సీటు అదురుతుందా?"

ఆవిడ స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది. "లేదు. చేతులకే తెలుస్తది."

చదివేవాళ్ళ కోసం ఈ ప్రశ్నల సంగతి చెప్పాలి. బ్రేకుతో పని లేకుండా, ఒక స్పీడు దాటగానే స్టీరింగు వణికితే అది వీల్ బ్యాలెన్సింగ్ లోపం, అంటే చక్రం బరువు చుట్టూతా సమంగా లేదన్నమాట. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్కును అనుమానించాలి. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం లాంటిది డిస్కు. బ్రేకు తొక్కితే రెండు వైపుల నుంచీ ప్యాడ్లు దాన్ని పట్టుకుంటాయి. ఆ పళ్ళెం మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే, తిరిగిన ప్రతిసారీ ప్యాడ్లు పట్టుతప్పి పట్టుకుంటాయి. ముందు చక్రాలదైతే ఆ అదురు స్టీరింగులో తెలుస్తుంది, వెనక చక్రాలదైతే సీట్లో తెలుస్తుంది. ఇంత చిన్న విషయం అడక్కుండా, అంతకుముందు ఎవరో ఆమెకు రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేసి పంపారు. నాకు ఒళ్ళు మండింది. మండినా ఏం చేస్తాం, బండి వదిలి వెళ్ళమన్నాను.

ఆవిడ వెళ్ళలేదు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, "ఇది బాగవ్వకపోతే మా ఇంట్లో బండి ఉంచరన్నా," అంది.

మూడేళ్ళ కిందట ఆమె భర్త మోటార్ సైకిల్ మీద కారం ప్యాకెట్లు కట్టుకుని హైవే మీద వెళ్తుంటే లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. ఆ తర్వాత ఆమె డ్రైవింగు నేర్చుకుని, ఈ సెకండ్ హ్యాండు కారు కొని, భర్త తిరిగిన రూట్లన్నీ తను పట్టుకుంది. ఇప్పుడు ఈ వణుకు వచ్చి పడింది. మరిది శ్రీను, తప్పు బండిది కాదు, వదినదే అంటున్నాడు. ఆడవాళ్ళు బ్రేకు తొక్కరట, గుద్దుతారట. అత్తగారు సుబ్బాయమ్మ ఆ బండే మంచిది కాదంటుంది. కారణాలు వేరైనా అమ్మేయాలనే మాట మీద ఇద్దరూ ఒకటే. కారు పోతే డెలివరీలు శ్రీను తన ట్రాలీ ఆటో మీద వేసుకుంటాడు, ఈమె మళ్ళీ మిల్లులో కాయ పోస్తూ కూర్చోవాలి.

"ఆ మిల్లులో కూర్చుంటే నాకు పిచ్చెక్కుద్ది," అంది.

బండి తీసుకుని ఖాళీ రోడ్డు మీదికి వెళ్ళాను. డెబ్బైలో మెల్లగా బ్రేకు వేస్తే స్టీరింగు ఆవిడ చెప్పినట్టే ఊగింది. మళ్ళీ అదే స్పీడులో, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగాను. ఆ బండిలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పడుతుంది. వణుకు లేదు. అంటే వెనకవి బాగున్నాయి, జబ్బు ముందే ఉంది. ఆవిడ కాలిది ఏ తప్పూ లేదు. నేను తొక్కినా అంతే ఊగింది కదా.

షెడ్డుకు వచ్చి ముందు చక్రాలు విప్పి, మైక్రోమీటరుతో డిస్కు మందం చుట్టూ కొలిచాను. రెండు డిస్కుల్లోనూ తేడా ఉంది. కంటికి కనిపించదు, వేలికి తెలియదు, సన్నని కాగితం మందంలో ఏ కొంతో ఉంటుంది. స్టీరింగును ఊపడానికి అది చాలు. పాత బండి, పాత డిస్కులు, పైగా లోడు మోస్తుంది. అనుమానించడానికి ఇంకేమీ కనపడలేదు. రిమ్ముల లోపల ఎర్రెర్రగా మరకలు కనిపించాయి కానీ, ఆ బండిలో ఎర్రగా లేనిదేముంది? కారం అనుకున్నాను. కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేశాను. డిస్కు కూర్చునే హబ్బు మీది తుప్పు గీకి, నట్లు ఎదురెదురుగా ఒక్కొక్కటే, టార్క్ రెంచితో ఒకే బిగువు వచ్చేట్టు బిగించాను. బ్రేకేస్తే బండి వణుకు లేకుండా మెత్తగా ఆగింది. శివకుమారి నవ్వుతూ వెళ్ళింది.

రెండు నెలలు తిరక్కుండానే వెనక్కి వచ్చింది. ఈసారి నవ్వు లేదు, పక్కన మరిది ఉన్నాడు.

"నేను చెప్పాగా మస్తాన్ భాయ్," అన్నాడు శ్రీను దిగుతూనే. "నువ్వేం మార్చినా అంతే. కొత్తవేసినా మళ్ళీ వచ్చిందంటే తప్పు ఎవరిది? తొక్కేవాళ్ళదేగా."

"మీరు నడిపినప్పుడు వణకట్లేదా?"

"నేను నడపను ఆ బండి. మా అమ్మ ఎక్కనియ్యదు."

"అయితే మీకెట్టా తెలుసు?"

ఆయన మాట దాటేశాడు. "ఆదివారం బేరగాడు వస్తన్నాడు. ఈ లోపల వణుకు ఆగితే మంచి రేటు వస్తది, అంతే. అమ్మడం మాత్రం ఆగదు."

శివకుమారి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. నాకు ఆమె మీద జాలి కన్నా ముందు నా పని మీద రోషం వచ్చింది. నా చేత్తో వేసిన డిస్కులు రెండు నెలల్లో పాడవడం ఏమిటి? ఆదివారం దాకా బండి అమ్మే మాట ఎత్తవద్దన్నాను. అనడానికి నాకేం హక్కుందని శ్రీను అడగలేదు కానీ, అడిగినట్టే చూశాడు.

అన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశాను. హబ్బుకు డయల్ గేజ్ పెట్టి తిప్పాను, వంకర లేదు. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతే బ్రేకు వదిలినా ప్యాడు వదలదు, డిస్కు కాలిపోతుంది. అవి కూడా చక్కగా జారుతున్నాయి. పంక్చరు షాపులో ఎవరైనా స్పానరు మీద ఎక్కి తొక్కి నట్లు బిగించారేమో అనుకుంటే, చక్రం ఎవరూ విప్పనే లేదంది శివకుమారి. ఇక మిగిలింది డిస్కు మొహమే. దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే అక్కడక్కడ ప్యాడు ఆకారంలోనే నల్లటి మచ్చలున్నాయి. మచ్చల అంచున తెల్లగా పొక్కు కట్టింది.

కారం తెల్లగా పొక్కు కట్టదు. రిమ్ము లోపలి ఎర్రమరకను తడి వేలితో తుడిచి పెదవికి రాసుకున్నాను. మంట లేదు. మిరప ఊళ్ళో పుట్టినవాడిని, మంట లేని ఎరుపు ఏమిటో అంతు చిక్కలేదు. వాసన చూస్తే పసుపు.

"బండి ఎక్కడ కడుగుతారమ్మా?" అన్నాను.

"ఇంట్లోనేగా. ఆదివారం పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు. వేడి మీద కడగొద్దని నువ్వే చెప్పావుగా."

"రోడ్డు మీద ఎక్కడైనా నీళ్ళలోకి దించుతున్నావా?"

"ఈ ఎండల్లో నీళ్ళు యాడున్నాయన్నా?"

నిజమే. ఇక అడగడం మాని, చూడటమే మంచిదనిపించింది. ఈసారి గుంటూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు నన్ను ఎక్కించుకోమన్నాను. శుక్రవారం సాయంత్రం వెనక రెండు మిరపకాయ బస్తాలు వేసుకుని వచ్చి, షెడ్డు దగ్గర ఆపింది. హైవే మీద ఆమె డ్రైవింగులో నాకు వంక దొరకలేదు. ముందు బండికి దూరం పాటిస్తుంది, బ్రేకు ముందే మొదలుపెట్టి మెల్లగా పెంచుతుంది. నేను చాలామంది మగవాళ్ళకు చెప్పి చెప్పి విసిగిపోయిన పద్ధతి అది.

హైవే దిగాక అసలు రోడ్డు మొదలైంది. సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోశారు. మిగతా సగంలో ఎదురొచ్చే ట్రాక్టర్లు, ఇళ్ళకు మళ్ళుతున్న గేదెలు, ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు. ఊరు చేరేదాకా ఆమె కాలు బ్రేకు మీదే ఉంది, వేరే దారి లేదు. ఇంటి గేటు ముందు బండి ఆగేసరికి ముందు చక్రాల నుంచి వేడి వాసన వస్తోంది. అందులో తప్పేమీ లేదు, బరువున్న బండి అలాంటి రోడ్డు మీద వస్తే డిస్కులు కాలతాయి. ఊరికే వదిలేస్తే అవే చల్లారతాయి.

గేటు తీసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. సుబ్బాయమ్మ గారన్నమాట. చేతిలో బకెట్టు, అందులో చెంబు. ఆవిడ కారు ముందు నిలబడి, చెంబుతో నీళ్ళు ముంచి, పెదవులు కదుపుతూ మూడుసార్లు గాలిలో తిప్పి, ఎడమ చక్రం మీద పోసింది. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు. చుయ్‌మన్న చప్పుడు సీట్లో కూర్చున్న నాకు వినిపించింది. రిమ్ము సందుల్లోంచి ఆవిరి లేచింది. తర్వాత కుడి చక్రం. బకెట్టు ఖాళీ అయ్యేదాకా పోసింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"బండి కొన్నప్పటి నుంచీ. హైవే ఎక్కి వచ్చిన ప్రతిసారీ తీస్తది," అంది శివకుమారి. "ముందు చెంబెడే పోసేది. వణుకుతోందని నేను చెప్పిన కాడ నుంచి బకెట్టు తెస్తంది."

"మరి నాకు చెప్పలేదేమమ్మా?"

"దిష్టి కూడా చెప్పాలా?" అంది. ఆమె ఆశ్చర్యం నిజమైనదే. మా ఇంట్లోనూ పిల్లలకు జ్వరం వస్తే మా అమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ సంగతి మేమూ చెప్పం.

లెక్క అంతా అక్కడే తేలిపోయింది. కాలుతున్న డిస్కు మీద చన్నీళ్ళు పడితే, తడిసిన చోట ఒక్కసారిగా చల్లబడుతుంది, ప్యాడు కప్పి ఉన్న చోట వేడి అలాగే ఉంటుంది. ఆ రెండు చోట్లా ఇనుము ఒకేలా ఉండదు. పైగా సున్నం, పసుపు ప్యాడు అంచున ఎండి అంటుకుంటాయి, తడి ప్యాడు కింద రాత్రంతా తుప్పు పడుతుంది. ఇలా రెండు నెలలు సాగితే ఏ డిస్కైనా ఎగుడుదిగుడవుతుంది. వణుకు పెరిగినకొద్దీ ఆవిడ నీళ్ళు పెంచింది. నీళ్ళు పెరిగినకొద్దీ వణుకు పెరిగింది.

చెప్పాల్సింది నేనే. దిగి నమస్కారం పెట్టి, చక్రాల మీద నీళ్ళు పోయొద్దన్నాను. సుబ్బాయమ్మ గారు బకెట్టు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"నా కొడుకుని మింగిన రోడ్డు నాయనా అది. దాని మీద నుంచొచ్చిన చక్రాలు ఊరికే నా ఇంట్లోకి ఎట్టా రానిస్తాను?"

బ్రేకుల గురించి ఎవరైనా వాదిస్తే నాకు కోపం వస్తుంది, ఆవిడ మీద మాత్రం రాలేదు. నాకు తెలిసిన దాన్నే అడిగాను.

"అమ్మా, అట్లు పోసి దించిన పెనం మీద చన్నీళ్ళు పోస్తారా?"

"ఎందుకు పోస్తాను? పెనం చెడిపోద్ది. మళ్ళీ అట్టు లేవదు."

"ఆ చక్రం లోపల ఉన్నది కూడా పెనమేనమ్మా. ఇప్పుడే పొయ్యి మీద నుంచి దిగినట్టు కాలుతోంది. చెయ్యి దగ్గర పెట్టి చూడండి."

ఆవిడ వంగి, కుడి చక్రం దగ్గర అరచెయ్యి పెట్టింది. అన్ని నీళ్ళు పోశాక కూడా లోపలి సెగ తగిలినట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత గేటు పక్క అరుగు మీద కూర్చుంది.

"వణుకు నా చేతి మీదుగా వచ్చిందా?" అంది. నేను నేల చూశాను. "బ్రేకు పడకుండా పోయేదా నాయనా?"

"పడకపోవడం ఉండదమ్మా. కానీ ఆ ఊపుకి బెదిరి, లారీ పక్కన స్టీరింగు వదిలేస్తే..."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శివకుమారి వచ్చి పక్కన నిలబడి, "ఊరుకో అత్తా, నాకేం కాలేదుగా," అంది. అత్తగారు ఆమె వైపు చూడలేదు. బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడే డిస్కులు విప్పి గుంటూరు పంపించి లేతు మీద సమంగా పట్టించాను. మందం ఇంకా ఉంది కాబట్టి కొత్తవి అక్కర్లేకపోయింది. ప్యాడ్లు మాత్రం కొత్తవి వేశాను. అరవై నుంచి పది దాకా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా కొన్నిసార్లు బ్రేకు వేసి ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేశాను. దాన్ని బెడ్డింగ్ అంటారు. ఆదివారం బేరగాడి కన్నా ముందు శ్రీను వచ్చాడు. మీరే నడిపి చూడండని తాళం ఇచ్చాను. హైవే దాకా వెళ్ళి వచ్చి, దిగి, "బానే ఉంది," అన్నాడు. వదిన గురించి ఏమీ అనలేదు. మొహమాటమో, పొగరో నాకు తెలియదు. బేరగాడిని మాత్రం ఫోను చేసి రావద్దన్నాడు. వాళ్ళమ్మ చెప్పమందట.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. బ్రేకు వణుకుతో ఎవరు వచ్చినా, బండి ఎక్కడ కడుగుతారని అడగడం మానేశాను. ఇంటికి రాగానే చక్రాల మీద ఏం పడుతుందని అడుగుతున్నాను. పడేది తరచూ ఏదో ఒకటి ఉంటూనే ఉంది. ఒకాయన వాకిట్లో కళ్ళాపి చల్లే వేళకే రోజూ బండి తెచ్చి ఆపుతాడు. ఇంకొకాయన ఇంటి ముందు దుమ్ము లేవకుండా పైపుతో తడుపుతూ చక్రాలను కూడా తడుపుతాడు. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. మనిషి రోజూ చేసే పని అతని కంటికి కనపడదు, అంతే. నాకు కావలసింది ఎక్కువగా అక్కడే దొరుకుతోంది. కొలతలు వేసే ముందు ఆ ఇంటి తీరు తెలుసుకోవాలని ఆ కారు వల్ల నేర్చుకున్నాను.

శివకుమారి కారు ఆ తర్వాత వణుకుతో రాలేదు. కొన్ని నెలలకు శ్రీను ట్రాలీ ఆటో బ్రేకు పట్టడం లేదని కబురు చేస్తే వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంటి పక్కనే ఉన్న మిల్లు ముందు ఆటో కింద పడుకుని పని చేస్తుంటే ఆమె కారు వచ్చి గేటు బయట ఆగింది. సుబ్బాయమ్మ గారు ఇంట్లోంచి వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఎర్రనీళ్ళు. ఆటో కింద నుంచి లేవబోయి తల కొట్టుకున్నాను, కేకెయ్యడానికి నోరు తెరిచాను.

ఆవిడ చక్రాల వైపు చూడను కూడా చూడలేదు. డ్రైవరు సీటు దగ్గరికి వెళ్ళి, "దిగవే," అంది.

"ఎందుకత్తా? బండి లోపల పెట్టొస్తాను."

"తర్వాత పెట్టుకోవచ్చులే, ముందు దిగు. తూర్పుకి తిరిగి నిలబడు."

శివకుమారి దిగి నిలబడింది. పళ్ళెం తన చుట్టూ తిరుగుతుంటే ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ పక్కలకు అంటించుకుంది.

"బండికి కదత్తా తీసేది?" అంది మెల్లగా. "నాకెందుకు ఇయ్యన్నీ?"

"బండిదేముందే, ఇనుము. అది పోతే ఇంకోటి తెచ్చుకుంటాం," అంది సుబ్బాయమ్మ గారు. "కదలకుండా నిలబడు."